కసిమి కుండ ఎండిపోకుండా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ. చేతిలో పని ఉంది, దాని కోసం ఏళ్లకేళ్లు పెట్టారు, అనుకున్నది మాత్రం జరగలేదు. ఇక కొనసాగాలా, మానేయాలా అని అడుగుతున్నారు. నేను సైకాలజీ చదువుకున్న మనిషిని కాను. శ్రీకాళహస్తిలో నలభై ఏళ్లుగా కలంకారీ వేస్తున్నాను. నాకు తెలిసిందల్లా బట్ట, కలం, రంగు, వాటితో పడ్డ పాట్లు. అందుకని నా జవాబులన్నీ నా పనిగదిలోంచే వస్తాయి. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిది చదివాక రెండు రోజులు నాకు వేరే పని తోచలేదు, కాబట్టి దానికి ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: అమ్మా, నాకు 37 ఏళ్లు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డిగ్రీ అవగానే డైరెక్టర్ అవుదామని హైదరాబాద్ వచ్చాను. కృష్ణానగర్‌లో గది తీసుకుని పదకొండేళ్లు అసిస్టెంట్‌గా, కో-డైరెక్టర్‌గా చేశాను. చివరికి నా కథ ఒక ప్రొడ్యూసర్‌గారికి నచ్చింది. సినిమా తీశాను. ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ పూర్తయ్యాయి. ఆయనకి డబ్బు ఇబ్బందులొచ్చి విడుదల ఆగిపోయింది. మూడేళ్లయింది. ఇప్పుడు మా మామగారి ఎరువుల షాపులో కూర్చుంటున్నాను. ఎవరైనా 'ఇప్పుడు ఏ సినిమా చేస్తున్నావ్' అంటే తల ఎత్తలేకపోతున్నాను. కొత్త కథ రాద్దామని కూర్చుంటే పెన్ను కదలదు. ఫెయిలయ్యానని ఒప్పేసుకుని మానేయమంటారా?
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నాయనా, మీ సినిమా ఆగిపోవడానికీ మీ పనితనానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నేను ఆ సినిమా చూడలేదు. చూడాల్సినవాళ్లు కూడా చూడలేదు. అదే కదా మీ బాధ. జనం చూసి బాగాలేదంటే ఏడ్చి ఊరుకోవచ్చు. ఎవరూ చూడకుండానే పెట్టెలో ఉండిపోతే ఆ ఏడుపుకి అంతు దొరకదు. ఈ మాట నాకెలా తెలుసో చెప్తాను.

1997లో ఒక పెద్ద ఊళ్లో ఉన్న షాపువాళ్లు నాకు రామాయణం ఆర్డరిచ్చారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా కథ, ప్రతి వరస కింద తెలుగులో మాటలు. మా పని ఎంత మెల్లగా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. ముందు గాడా అనే ముతక నూలు బట్టని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకోవాలి. వెదురు పుల్లకి ఉన్నిగుడ్డ చుట్టి దారం బిగిస్తే అదే కలం. దాన్ని మా నల్ల రంగైన కసిమిలో ముంచి, వేళ్లతో ఒత్తుకుంటూ గీతలు వేయాలి. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పెట్టాలి, పారే నీళ్లలో ఉతకాలి, మంజిష్ఠతో ఉడకబెట్టాలి, మళ్లీ ఉతకాలి, ఎండబెట్టాలి. ఆ తర్వాత పసుపు, దాని తర్వాత నీలం. ఆకుపచ్చ కావాలంటే పసుపు మీద నీలం వేయాలి. ఒక్కో రంగుకీ ఒక ఉతుకు, ఒక ఎండ. స్వర్ణముఖిలో నీళ్లున్నప్పుడు ఒక రకం కష్టం, లేనప్పుడు ఇంకో రకం.

ఆ రామాయణానికి నాకు ఏడు నెలలు పట్టింది. అప్పుడు మా చిన్నవాడికి రెండేళ్లు. వాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలి, మధ్యాహ్నాలు, రాత్రులు కూర్చుని వేశాను. పార్సిల్ పంపిన నెలకి అదే పార్సిల్ తిరిగొచ్చింది. 'రంగులు డల్‌గా ఉన్నాయి, మా కస్టమర్లకి నచ్చవు' అని ఒక చీటీ. బాకీ డబ్బులు లేవు. విప్పి చూస్తే మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

నేను దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టేశాను. కలం కూడా పక్కన పెట్టేశాను. ఇంటి ముందు చీరలకి ఫాల్, పీకో చేస్తామని అట్టముక్క కట్టాను. పదమూడు నెలలు బొమ్మ అన్నది వేయలేదు. మీరు ఎరువుల షాపులో కూర్చున్నట్టే నేను కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. ఒక్క విషయం ఇప్పటికీ గట్టిగా చెప్తాను. ఆ మిషన్ నాకేమీ తలవంపు తేలేదు. మా ఇంట్లో బియ్యం దానివల్లే వచ్చాయి. మీ షాపూ అంతే. పిల్లల ఫీజు కట్టే పని గురించి సిగ్గుపడాలని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. మీ మనసు అన్నా సరే, వినకండి.

తిరిగి ఎలా మొదలైందో చెప్తాను. ఎవరో పెద్దాయన వచ్చి నా ప్రతిభని గుర్తించారని మీరు అనుకుంటారేమో, అలాంటిదేమీ లేదు. మా పెరట్లో కసిమి కుండ ఉండేది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, మేకులు, బెల్లం వేసి నీళ్లు పోసి మూత కట్టి ఉంచితే, పదిహేను ఇరవై రోజులకి ఊరి కసిమి తయారవుతుంది. దానికి వాసన ఉంటుంది. మా వీధిలోనే ఇంకో కళాకారుడు ఉండేవాడు, నాకంటే చిన్నవాడు. ఒకరోజు గాభరాగా వచ్చి, 'అక్కా, మా కుండ ఇంకా ఊరలేదు, ఆర్డరు దగ్గరపడింది, మీ కుండలో కసిమి ఉందా' అని అడిగాడు. వడకట్టి ఒక చెంబెడు ఇచ్చాను. పది రోజులకి మళ్లీ వచ్చాడు. అతని కోసమని నేను ఆ కుండలో నీళ్లు పోశాను, బెల్లం వేశాను, పాత తాళాలు, విరిగిన కొడవలి వేశాను. నా కోసమైతే వేసేదాన్ని కాదు.

ఒకసారి అతను 'పోయినసారిది కొంచెం పలచగా ఉందక్కా' అన్నాడు. నాకు పౌరుషమొచ్చింది. కరక్కాయ పట్టించిన పాత గుడ్డముక్క ఒకటి తీసి, కసిమి ఎంత నల్లగా వస్తుందో చూద్దామని కలం ముంచాను. కసిమి బట్ట మీద పెట్టగానే నల్లగా ఉండదు. లేత రంగులో ఉండి, కరక్కాయతో కలిసి చూస్తుండగానే నల్లబడుతుంది. ఊరికే గీత గీయడమెందుకని ఒక కన్ను గీశాను. చెవి దాకా సాగే మా కలంకారీ కన్ను. నల్లబడేదాకా చూస్తూ నిలబడ్డాను. మరుసటి రోజు ఇంకో కన్ను. నెల రోజులు కళ్లు తప్ప ఏమీ గీయలేదు. ఒకరికి అమ్మాలని లేదు, ఒకరికి చూపించాలని లేదు.

నాయనా, మిమ్మల్ని కొత్త కథ రాయమని నేను అనను. రెండున్నర గంటల కథ మీ తలమీద బండలా ఉంది. దాన్ని దించండి. మీ షాపుకి రోజూ ఎంతమంది రైతులు వస్తారు? అప్పు అడగలేక బస్తాల వంక చూస్తూ నిలబడేవాళ్లు, డబ్బులుండి కూడా బేరమాడేవాళ్లు, కొడుకుని తిడుతూ కొనేవాళ్లు. రోజుకి ఒక మనిషి గురించి అర పేజీ రాయండి. ఆ మనిషి అన్న మాట అన్నట్టే రాయండి. మామగారి బిల్లు పుస్తకం వెనకైనా ఫరవాలేదు. అది సినిమా అవుతుందా అని అడక్కండి. పదకొండేళ్లు మనుషుల్ని ఫ్రేములో పెట్టడం నేర్చుకున్న కన్ను మీది. అది చూడటం మానేస్తేనే నాకు భయం.

మీ సినిమావాళ్లు 'బ్రేక్ రావాలి' అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. బ్రేక్ అనేది ఎవరో ఇస్తే వచ్చేది. దానికోసం కూర్చున్నంతకాలం మన బతుకు తాళం ఇంకొకరి జేబులో ఉంటుంది. 1997లో నా తాళం ఆ షాపువాళ్ల జేబులో ఉంది. తర్వాత నేను లెక్క మార్చుకున్నాను. ఈ బట్ట అమ్మిన డబ్బుతో ఇంటి ఖర్చు పోను, తర్వాతి బట్టకి గాడా, కరక్కాయ, పాలు, మంజిష్ఠ వస్తే ఆ ఏడు నేను గెలిచినట్టే. అవార్డులకి దరఖాస్తు చేశాను, రాలేదు, మళ్లీ చేస్తాను. కానీ అది ఈ లెక్కలో లేదు. ఇరవై ఏడేళ్లలో ఐదు సంవత్సరాలు నేను ఈ లెక్కలోనూ ఓడిపోయాను. 2020 వాటిలో ఒకటి. లాక్‌డౌన్‌తో ఎగ్జిబిషన్లన్నీ ఆగిపోయి మళ్లీ పీకో మిషన్ దుమ్ము దులిపాను.

నా దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి డబ్బుది. రెండోది చేతిది. చేతి పుస్తకంలో ఆ రోజు పనిలో ఏం జరిగిందో రెండు ముక్కలు రాస్తాను. 'సీత కుచ్చిళ్లు మొదటిసారి ఆగకుండా ఒక్క ఒత్తుతో వచ్చాయి.' 'గుర్రం వెనక కాలు మళ్లీ తప్పింది.' 2021 నవంబరు వానలకి స్వర్ణముఖి పొంగినప్పుడు మా ఇంట్లోకి నీళ్లొచ్చి మూడు ఆర్డర్ల బట్టలు తడిసిపోయాయి. డబ్బు పుస్తకంలో ఆ రోజు నష్టం రాస్తుంటే చెయ్యి వణికింది. చేతి పుస్తకంలో ఏం రాయాలో తోచక, తడిసిన బట్టలు విప్పి చూశాను. 'రెండు రోజులు బురద నీళ్లలో నానినా మంజిష్ఠ ఎరుపు దిగలేదు. పసుపు పోయింది' అని రాశాను. ఆ వాక్యం రాశాక ఆ రాత్రి నిద్రపట్టింది. మీరూ రెండు పుస్తకాలు పెట్టండి. ఒకదాని బాకీని రెండోదాంట్లో రాయకండి.

ఎవరైనా 'ఏ సినిమా చేస్తున్నావ్' అంటే ఇలా చెప్పండి: 'ఒకటి తీశాను, విడుదల కాలేదు. ఇప్పుడు షాపు చూసుకుంటున్నాను, రోజూ కొంచెం రాస్తున్నాను.' అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మొదటి పదిసార్లు గొంతు పట్టుకుంటుంది. తర్వాత అలవాటవుతుంది. రాత్రుళ్లు నిద్ర లేకుండా, తిండి సహించకుండా వారాలు గడుస్తుంటే మాత్రం డాక్టరుగారిని కలవండి. అది నా కుండతో నయమయ్యేది కాదు.

ఆ రామాయణం ఏమైందో చెప్పలేదు కదూ. నాలుగేళ్ల తర్వాత పెట్టె తీసి చూశాను. రంగుల విషయంలో షాపువాళ్ల మాట తప్పు. ఆ ఎరుపు ఇప్పటికీ అలాగే ఉంది. కానీ భరతుడి చేతులు నేను సరిగ్గా వేయలేదు. ఆ సంగతి వాళ్లకి తెలియలేదు, అప్పట్లో నాకూ కనిపించలేదు. ఇప్పుడది నా పనిగది గోడకి ఉంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి పాదుకా పట్టాభిషేకం దగ్గర నిలబెట్టి, చేతులు ఎలా ఉండకూడదో దాని మీదే చూపిస్తాను. మీ సినిమా కూడా ఒకసారి ఒంటరిగా కూర్చుని చూడండి. ఇప్పుడే వద్దు. అర పేజీలు ఒక వంద అయ్యాక చూడండి.

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 52 ఏళ్లు. కర్ణాటక సంగీతం డిప్లొమా చేశాను. రేడియో ఆడిషన్‌కి రెండుసార్లు వెళ్లాను, బి గ్రేడ్ కూడా రాలేదు. పెద్ద సభల్లో పాడాలన్న కోరిక తీరలేదు. ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. 'మ్యూజిక్ టీచర్' అని ఎవరైనా అంటే, గాయని కాలేకపోయిందని అన్నట్టు వినిపిస్తుంది. ఈ మధ్య నేను పాడుకోవడమే మానేశాను.
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు కష్టంగా అనిపించింది చివరి వాక్యం. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. పిల్లలు వెళ్లిపోయాక తంబురా పెట్టుకుని మీకోసం పాడుకునే ఆ ముప్పావు గంట పోగొట్టుకోకండి. పాఠం చెప్పేటప్పుడు మన గొంతు పిల్లల స్థాయికి తగ్గించుకుంటాం. ఏళ్లతరబడి అదే చేస్తే గొంతు అక్కడే ఉండిపోతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన కలంకారీ శిక్షణలో పాతికేళ్లు పిల్లలకి లతలూ హంసలూ నేర్పించి నేర్పించి, రిటైరయ్యాక తన సొంత బొమ్మ వేద్దామని కూర్చుంటే హంస తప్ప ఏదీ రాలేదని నా ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీకు అలా జరగకూడదు. వారానికి రెండు రోజులు పాఠాలు లేని రోజులని పెట్టుకోండి. ఫీజు కొంచెం పెంచి అయినా సరే.

ఇక టీచర్ అన్న మాట గురించి. 1950ల నాటికి మా శ్రీకాళహస్తి కలంకారీ దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. వేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. కమలాదేవి ఛటోపాధ్యాయగారి చొరవతో అప్పుడు మా ఊళ్లో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంకొందరికి నేర్పారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నాను. మా ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా సంబరపడ్డాం. నేనూ వెళ్లి దండం పెట్టొచ్చాను. కానీ ఆ రోజు నా మనసులో మెదిలింది మాత్రం మొట్టమొదట ఎవరో ఒక కుర్రాడి చేతిలో కలం పెట్టి, 'ఇలా పట్టుకో, ఇక్కడ ఒత్తు' అని చెప్పిన చెయ్యి. పేరు ఎక్కడా లేని చెయ్యి.

ఈ మాటతో మీ కోరిక తీరిపోతుందని నేను అనడం లేదు. సభలో పాడాలన్న కోరిక నిజమైనది. దాన్ని టీచర్ ఉద్యోగంతో కప్పిపెట్టొద్దు. మీ ఊళ్లో గోదావరి గట్టున గుళ్లకి లోటు లేదు. శ్రీరామనవమికి, దసరాకి ఏదో ఒక గుళ్లో గంట కచేరీ అడిగి తీసుకోండి. పిల్లల ప్రోగ్రాం పెట్టి చివర్లో ఒక పాట పాడటం కాదు, మీ కచేరీ. మూడోసారి ఆడిషన్‌కి వెళ్లాలో లేదో ఆ కచేరీ అయిన మరునాడు నిర్ణయించుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిజైన్ కోర్సు చేసి పెన్ కలంకారీ నేర్చుకున్నాను. వయసు 26. కొండపల్లి బొమ్మల్ని, మా అమ్మమ్మ చెప్పిన కథల్ని కలిపి ఒక దుపట్టా వేశాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను, చాలా మందికి నచ్చింది. రెండు నెలల్లో అదే బొమ్మ డిజిటల్ ప్రింట్‌లో 450 రూపాయలకి అమ్ముతున్నారు. నా దుపట్టా ఆరు వేలు. ఇక కొత్తది వేయాలంటేనే కోపం, టెన్షన్.
- ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ కోపం న్యాయమైనది. 'పోనీలే, నీ కళ నచ్చబట్టే కాపీ కొట్టారు' అని ఎవరైనా ఓదారిస్తే ఆ ఓదార్పు నాకొద్దు అని చెప్పు. దొంగతనం దొంగతనమే.

ముందు పని చూద్దాం. ఇలాంటిదే నాకు ఎదురైనప్పుడు విజయవాడలో ఒక లాయరుగారి దగ్గర కూర్చుని తెలుసుకున్న సంగతులివి. నువ్వు సొంతంగా గీసిన బొమ్మ మీద కాపీరైట్ నీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకపోయినా నీదే. కాబట్టి బొగ్గుతో గీసిన మొదటి స్కెచ్ దగ్గర్నుంచి తేదీలతో ఫొటోలు తీసి పెట్టుకో, పాత స్కెచ్ పుస్తకం పారేయకు. అమ్మేవాళ్ల పేజీ స్క్రీన్‌షాట్లు తియ్యి, ఒక దుపట్టా కొని బిల్లు దాచుకో. ఆ వెబ్‌సైటుకి ఫిర్యాదు పెట్టు. లాయర్ నోటీసు అంటే భయపడకు, చాలామంది నోటీసు చూడగానే తీసేస్తారు. ఒకవేళ నీ డిజైన్‌ని నువ్వే మిల్లులో అచ్చేయించి అమ్మాలనుకుంటే మాత్రం లెక్క వేరు. రిజిస్టర్ చేయకుండా నువ్వు గానీ, నీ అనుమతితో ఇంకొకరు గానీ మిషన్ మీద యాభైకి మించి అచ్చేస్తే కాపీరైట్ రక్షణ పోతుంది. అలాంటప్పుడు 2000 డిజైన్ల చట్టం కింద ముందే రిజిస్టర్ చేసుకోవాలి. పదేళ్లు రక్షణ, ఆపైన ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టేదాకా ఆ డిజైన్ ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించకూడదు. బయట పెట్టేసినదాన్ని కొత్త డిజైన్ అని ఒప్పుకోరు.

ఇంకో సంగతి, నీకు తెలిసే ఉంటుంది. మన పాత హంస, మామిడి పిందె, కల్పవృక్షం ఎవరి సొంతమూ కాదు. వాటి మీద పోట్లాటకి దిగొద్దు. మన పెన్ కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు ఆ ఊరి పనికే చెందుతుందనే గుర్తింపు ఉంది కాబట్టి, మిల్లు ప్రింటుని 'శ్రీకాళహస్తి కలంకారీ' అని పేరు పెట్టి అమ్మితే దాని గురించి ఫిర్యాదు చేయవచ్చు. పెడనలో అచ్చులతో వేసే కలంకారీ వేరే పని, అదీ చేతి పనే. వాళ్లని మిల్లు ప్రింట్లతో కలిపి తిట్టేవాళ్లున్నారు, నువ్వు ఆ తప్పు చేయకు.

ఇక టెన్షన్. 450 రూపాయల దుపట్టా కొనేవాళ్లు నీ దుపట్టా ఎప్పటికీ కొనరు. వాళ్లని పోగొట్టుకున్నానని లెక్కేసుకోకు. నీ దుపట్టా కొనేవాళ్లకి దాని కథ తెలియాలి. నేను ప్రతి బట్టతో పాటు, కరక్కాయ వాసన ఇంకా పోని చిన్న గుడ్డముక్క మీద ఏ నెలలో వేశానో, ఎన్నిసార్లు ఉతికానో రాసి కుట్టి పంపుతాను. వెనక్కి తిప్పితే కసిమి గీత అవతలికి ఎంత దిగిందో చూడమంటాను. ఒకసారి ఆ తేడా చూపించుకున్నవాళ్లు మళ్లీ వచ్చారు. అందరూ రాలేదు. కొందరు వచ్చారు.

అమ్మమ్మ చెప్పిన కథలు ఒక్క దుపట్టాతో అయిపోయాయా? దొంగిలించినవాళ్లకి రెండో కథ తెలియదు. ఈసారి వేసేటప్పుడు పూర్తయ్యేదాకా ఫొటో పెట్టకు. అమ్మమ్మ ఉంటే ముందు ఆవిడకి చూపించు.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. నా వయసు 66. సైన్‌బోర్డు ఆర్టిస్టుని. ఒంగోలులో షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు, ఎలక్షన్లకి గోడ రాతలు, సినిమా హాళ్లకి కటౌట్లు, అన్నీ చేశాను. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. పన్నెండేళ్లు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేసి మానేశాను. చెయ్యి ఇంకా వణకలేదు. బ్రష్ పట్టాలని ఉంది. ఎవరి కోసం రాయాలో తెలియడం లేదు. అప్పుడప్పుడు ఉత్త నీళ్లతో సిమెంటు గచ్చు మీద రాసుకుంటాను. ఆరిపోతుంది.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉత్తరం అక్షరాల్ని నేను చదవడానికి ముందు చాలాసేపు చూశాను. పోస్టుకార్డు మీద బాల్‌పెన్నుతో రాసినా, 'ళ' చుట్టు తిరిగిన తీరు, తలకట్లన్నీ ఒకే వాలులో ఉండటం చూస్తే ఆ చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతోంది. మా ఇంట్లో అందరికీ చూపించాను.

మీ పని పోవడంలో మీ తప్పు ఏమీ లేదు. మీ చేతికంటే చవగ్గా, తొందరగా అచ్చేసే మిషన్ వచ్చింది. మా మీదకీ అలాంటి మిషన్లు వచ్చాయి. కాకపోతే మాకు కాపాడేవాళ్లు, శిక్షణ కేంద్రాలు, గుర్తింపు కార్డులు ఉన్నాయి. ఊరి బోర్డులు రాసినవాళ్లకి ఎవరూ అవేమీ ఇవ్వలేదు. తెలుగు అక్షరానికి వీధి వీధినా అందం తెచ్చినవాళ్లు మీరు. మిమ్మల్ని కళాకారులని పిలవకపోవడం మా అందరి తప్పు, నాది కూడా.

మీరు అడిగింది ఎవరి కోసం రాయాలి అని. నేను ఒక పని చెప్తాను. జాలితో చెప్తున్నది కాదు, నిజంగా నా అవసరం.

మా బొమ్మల వరసల కింద తెలుగు మాటలు రాస్తామని మొదటి జవాబులో చెప్పాను కదా. నలభై ఏళ్లయినా నా అక్షరాలు బొమ్మకి సరితూగవు. 'రాముడు ధనుస్సు విరుచుట' అని రాస్తే బొమ్మలో రాముడు నిటారుగా ఉంటాడు, కింద అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఇప్పుడు నేను కొత్త రామాయణం మొదలుపెట్టాను. 1997లో వేసిన కొలతే, ఆరడుగులు, నాలుగడుగులు. ఈసారి భరతుడి చేతుల కోసమే రెండు నెలలు గీతలు వేసుకున్నాను. దాని కింద అక్షరాలు మీవి ఉండాలని నా కోరిక.

మొత్తం నలభై రెండు వాక్యాలు. ఈ పత్రిక ఆఫీసు ద్వారా మీకు పంపిస్తాను. మామూలు డ్రాయింగ్ షీటు మీద నల్ల రంగుతో, అంగుళం ఎత్తు అక్షరాలు రాసి పంపితే చాలు. వాటిని కింద పెట్టి బొగ్గుతో దిద్దుకుని, కసిమితో వేసుకుంటాను. వాక్యానికి ఎంత తీసుకుంటారో ముందే రాయండి, అడ్వాన్సు పంపుతాను. బట్ట చివర అంచు మీద నా పేరు పక్కన అక్షరాలు రాసినవారని మీ పేరూ ఉంటుంది.

కలంతో గీసేటప్పుడు సన్న గీతలు మాకు తేలిక, లావు గీతలు కష్టం. అది చూసుకుని రాయండి. పైన మొదట్లో వచ్చే 'శ్రీ' ఒక్కటి మాత్రం రెండు మూడు రకాలుగా రాసి పంపండి. నచ్చినది ఏరుకుంటాను.